‘దెబ్బ తగిలిందా?’ అని అడిగితే లేదనే అంటారు

ప్రశ్న: మా మామగారు సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చారు. తలనొప్పి, చెవుల్లో హోరు, నిద్రలేమి, చీటికీమాటికీ విసుగు. సర్వీసులో ఉండగా దగ్గర్లో మందుపాతర పేలిందట, గాయమేమీ కాలేదంటారు. సీటీ స్కాన్ బాగానే ఉంది. ఇది మెదడుదా, మనసుదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, గాయం లేకపోయినా, స్కాన్ బాగున్నా మెదడు అదిరి ఉండొచ్చు. తేలికపాటి మెదడు గాయంలో సీటీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. స్పృహ తప్పినా 30 నిమిషాలు మించదు, జ్ఞాపకం చెరిగినా 24 గంటలు మించదు. స్పృహ తప్పకుండా కాసేపు అయోమయంగా ఉన్నా లెక్కలోకి వస్తుంది.

అమెరికాలో 2007 నుంచి మాజీ సైనికులను నాలుగు సంగతులు వరుసగా అడుగుతున్నారు: ఏం జరిగింది, అప్పటికప్పుడు ఏమైంది, తర్వాత కొత్తగా ఏ బాధలు మొదలయ్యాయి, ఇప్పుడు ఏవి ఉన్నాయి. నాలుగింటికీ అవునంటే పూర్తి పరీక్షకు పంపుతారు. అంతే తప్ప జబ్బు తేలినట్టు కాదు.

మీ ఒడిశా వైపు చిక్కు భాషతో వస్తుంది. ఫారం ఒడియాలోనో హిందీలోనో ఉంటే, పక్కనున్నవారు ‘తలకి దెబ్బ తగిలిందా?’ అని తెలుగు చేసేస్తారు. మనకు దెబ్బంటే నెత్తురు కనపడాలి. ఆయన లేదంటారు, కాగితం అక్కడితో మూసేస్తారు. ‘పేలాక మీకు మొట్టమొదట గుర్తున్నదేమిటి? పక్కవాళ్లు పిలిస్తే వినపడిందా? లేచి నడిస్తే తూలారా?’ అని అడగాలి. తల తిరగడం, తల దిమ్ము, తలనొప్పి మూడూ వేర్వేరుగా రాయించండి.

బాధలు పేలుడు జరిగిన రోజుల్లోనే మొదలయ్యాయా? ఏళ్ల తర్వాత వచ్చినవైతే మెదడు మీదకు తోసెయ్యకండి. బీపీ, థైరాయిడ్, బీ12, వినికిడి పరీక్ష చేయించండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో చూడండి. నెలలో 15 రోజులు, అంతకు మించి పారాసిటమాల్ వేసుకుంటుంటే ఆ మాత్రే తలనొప్పి తెస్తుండొచ్చు.

మనసు సంగతికి వేరే ప్రశ్నలున్నాయి: పీడకలలు, ఆ చోటు తలపులు తప్పించుకోవడం, ఉలికిపాటు, ఎవరితోనూ అంటీముట్టనట్టు ఉండటం, తప్పు తనదే అనుకోవడం. గత నెలలో వీటిలో మూడో నాలుగో ఉంటే సైకియాట్రిస్టు చూడాలి. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 10 వచ్చినా అంతే. ఈ మాటలప్పుడు మీరు గది బయటే ఉండండి. కోడలి ముందు మామగారు పీడకలలూ చెప్పరు, మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చుకునే మద్యం సీసా లెక్కా చెప్పరు. చావాలనిపిస్తోందా అని డాక్టరు సూటిగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు.

మెదడుదీ మనసుదీ రెండూ కలిసే ఉండొచ్చు. ఏదైనా ముందు నిద్ర, తలనొప్పి సరిచేస్తే చాలా తేలికవుతుంది. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, పేలుడు జరిగిన ఏడాది, ఎంత దూరంలో పేలిందో రాసుకుని ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌కు తీసుకెళ్లండి. రాత్రిపూట మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ మధ్య కిందపడి తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులు, మూర్ఛ, ఒక పక్క చెయ్యీకాలూ బలహీనం, మగత కనిపించినా అది పాత పేలుడు సంగతి కాదు. రెఫరల్ కోసం ఆగకుండా స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.