అమ్మాయి స్పెషల్ ఎడ్యుకేటర్ అవుతానంటోంది, వద్దనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తిచేసింది. ప్రత్యేక అవసరాలున్న చిన్నపిల్లలకు చదువు చెబుతానని పట్టుబడుతోంది. మామూలు ప్రాథమిక బడి టీచర్ల కోర్సు డీఈఎల్‌ఈడీ మేలా, డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషనా? నెలలో అయిపోయే ఆన్‌లైన్ థెరపీ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయట. జీవితమంతా ఆ పిల్లల మధ్యే గడిపితే ఏమైపోతుందోనని భయంగా ఉంది. - ఒక తల్లి

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం చివరి మాట. తల్లిదండ్రుల ఉత్తరాల్లో నాకు తరచూ ఎదురయ్యే భయమే అది. అయితే ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పిల్లల దగ్గర దుఃఖం తప్ప మరేమీ ఉండదని మీరెలా తేల్చారు? ఒక్క పూటైనా అలాంటి తరగతిలో కూర్చున్నారా?

పాట అయ్యాక ఏం జరుగుతుందో తెలియక చెవులు మూసుకుని ఏడ్చే మూడేళ్ల బాబును ఊహించుకోండి. టీచరు గోడకు మూడు బొమ్మల కార్డులు అంటిస్తుంది: పాట, ఆట, ఇల్లు. పాట కాగానే వాడే వెళ్లి ఆ కార్డు తీసి డబ్బాలో వేస్తాడు. క్రమంగా ఏడుపు తగ్గుతుంది. ఈలోగా మిగతా పిల్లలు కార్డు తీసే వంతు కోసం కొట్టుకుంటుంటారు! ఈ పిల్లలనూ మిగతా పిల్లలతో కలిపి చదివించే సహిత విద్యలో పని ఇలాగే సాగుతుంది. ఫలితం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి ఏడాదైనా కనబడదు. ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం ఇది దిగులు పుట్టించే ఉద్యోగం కాదు.

నా అనుమానమంతా ఆ ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీదే. మాటలు, నడవడి పట్టుబడే వయసు పిల్లలతో ఎలా మెలగాలో వీడియోలు చూసి నేర్చుకోగలరా? చేరేముందు ఒక్కటే అడగండి: పిల్లల మధ్య ఎన్నాళ్లు కూర్చోబెట్టి నేర్పిస్తారని. జవాబు రాదు. ఆ కాగితంతో దొరికేది ఎక్కువగా షాడో టీచర్ పని, అంటే బడిలో ఒక పిల్లాడి పక్కనే ఉండి సాయం చేయడం. అదీ ఆ ఒక్క పిల్లాడి కోసమే కాబట్టి, వాడు బడి మారితే కొలువూ పోతుంది. పైగా రోజంతా పెద్దవాళ్లు పక్కనే అంటిపెట్టుకుని ఉంటే వాడికి తోటిపిల్లలతో స్నేహం ఎప్పుడు కుదురుతుంది?

డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ రెండేళ్ల కోర్సు. కాలేజీకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. ఆర్‌సీఐలో రిజిస్టర్ కాకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడం 1992 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. డీఈఎల్‌ఈడీకి పోస్టులు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. ప్రత్యేక విద్యలోనూ తలుపులు తెరుచుకుంటున్నాయి. 2021 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు ఉండాలన్న నిబంధన వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో ఈ విభాగానికి 796 ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు ఇచ్చారు. అలాగని అంతా సాఫీ అనను. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నవారు ఎందరో.

వినికిడి, చూపు, మేధో వికాసం... విభాగం మాత్రం చేరేటప్పుడే ఎంచుకోవాలి. అందుకే దరఖాస్తుకు ముందే మీ మండలంలోని భవిత కేంద్రానికి అమ్మాయిని కొన్నాళ్లు పంపండి. మొదటిరోజు మీరూ వెళ్లండి.