సోమవారం ఢిల్లీ చూడాలంటే

తమ్ముడూ, కాజీపేటలో రైలెక్కి అమ్మానాన్నలతో ఢిల్లీ వెళ్లి, సోమవారం ఒక్కరోజు ప్రైవేట్ కారులో తిరగాలన్నావు. ఏజెంటు లిస్టులో ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్ ఉన్నాయన్నావు. ఆ మూడింటికీ సోమవారమే సెలవు! వీలైతే కారు మంగళవారానికి మార్చమను.

కుదరకపోతే పొద్దున్నే కుతుబ్ మినార్‌కు వెళ్లండి. 73 మీటర్ల మినార్ లోపలికి ఎక్కనివ్వరు కాబట్టి మోకాళ్ల టెన్షన్ లేదు. అక్కడి ఇనుప స్తంభానిది 1,600 ఏళ్ల వయసు, తుప్పు మాత్రం పట్టలేదు. మా నాన్న మన వరంగల్ ఖిలా తోరణాలను చూసినట్టే దాని చుట్టూ తిరిగి తిరిగి చూశారు. తర్వాత హుమాయూన్ సమాధి. మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మను కింద తోటలోనే కూర్చోబెట్టు. మధ్యాహ్నం బంగ్లా సాహిబ్ గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, తలకు గుడ్డ తప్పనిసరి. సాయంత్రం ఇండియా గేట్.

మంగళవారం అక్షరధామ్ వెళ్తే ఫోన్లు బయటే ఇచ్చేయాలి. డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకో. మేము రాసుకోక, పార్కింగ్‌లో తెల్ల కార్లన్నీ వెతికాం. అన్నట్టు, పార్కింగ్ డబ్బులు ఎవరివో ముందే తేల్చుకో.