ఆరిన క్యూబ్ గట్టిగా, తడి క్యూబ్ మెత్తగా ఎందుకు వచ్చింది?

మీరడిగింది ఇదీ: ఒకే మిక్స్‌తో పోసిన కాంక్రీట్ క్యూబ్‌లలో (బలం చూడ్డానికి ప్రెస్‌లో పెట్టి పగిలేదాకా నొక్కే దిమ్మలు) కొన్నిటిని తొట్టిలోంచి తీసి తడిగానే నొక్కారు, కొన్నిటిని వారం ఆరబెట్టి నొక్కారు, ఆరినవే ఎక్కువ లోడ్ మోశాయి, అలాంటప్పుడు నీళ్లు కాంక్రీట్‌కి మంచివా చెడ్డవా, బాగా ఎక్కువ ఒత్తిడిలో ఏమవుతుంది అని.

నేను టెస్టింగ్ ల్యాబ్‌లో చేరిన కొత్తలో అచ్చం ఇదే జరిగింది. మూడు క్యూబ్‌లు బల్ల మీద పెట్టి మర్చిపోయి సెలవు మీద వెళ్లాను, తిరిగొచ్చి నొక్కితే అంతకుముందు తడిగా నొక్కిన మూడింటికన్నా బాగా వచ్చాయి. మిక్స్ అదిరిందని సంబరపడుతుంటే మా సీనియర్ కాగితం చూసి, "ఇవి ఆరిపోయినవి కదయ్యా, వాటితో వీటిని ఎలా పోలుస్తావు?" అన్నారు. అప్పటిదాకా క్యూబ్ తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది కూడా ఒక కొలతేనని నాకు తట్టలేదు.

అసలు ఇక్కడ రెండు రకాల నీళ్లున్నాయి, వాటిని కలిపేస్తేనే గందరగోళం. మొదటివి కలిపేటప్పుడు పోసేవి. సిమెంట్ రసాయనికంగా పట్టుకునేది తన బరువులో సుమారు 23 శాతమే, జెల్ (సిమెంట్, నీళ్లు కలిసి గట్టిపడ్డ జిగురు పదార్థం) రంధ్రాల్లో ఇరుక్కునేదాన్ని కలిపినా 40 శాతం దగ్గర ఆగుతుంది. అంతకు మించి పోసేదంతా మన పని సులువు కోసమే, ఆ నీళ్లు ఆరిపోయాక వాటి చోటు ఖాళీగా మిగిలిపోతుంది. వాటర్-సిమెంట్ రేషియో (సిమెంట్ బరువుతో పోలిస్తే నీళ్లెంత అన్నది) పెరిగితే బలం పడిపోతుందని అమెరికా ఇంజనీర్ అబ్రామ్స్ 1918లోనే చెప్పాడు. వైబ్రేటర్ (పోసిన కాంక్రీట్‌ని అదిరించి గాలి బయటికి పంపే యంత్రం) సరిగ్గా పెట్టక మిగిలే గాలి కూడా అంతే, 5 శాతం గాలి మిగిలితే బలం దాదాపు 30 శాతం పోతుంది.

రెండోవి నొక్కే సమయానికి ఆ రంధ్రాల్లో ఉన్న నీళ్లు. మీ క్యూబ్‌లలో తేడా తెచ్చింది ఇవే. జెల్ పొరల మధ్య దూరిన నీరు వాటి పట్టును సడలిస్తుంది, అందుకే మామూలు ప్రెస్‌లో తడి క్యూబ్ కాస్త తక్కువకే పగులుతుంది. (బీమ్ ముక్కని వంచి చూసే పరీక్షలో మాత్రం కథ తిరగబడొచ్చు, సగం ఆరిన బీమ్ పైపొర కుంచించుకుని ముందే లాగుడులో ఉంటుంది కాబట్టి అదే తక్కువ చూపిస్తుంది. ఇది తెలియక నేను ఇంకోసారి తిట్లు తిన్నాను.)

ఇక మీరు చివర్లో అడిగిన బాగా ఎక్కువ ఒత్తిడి సంగతి. నాకైతే అసలు మజా ఇక్కడే. కాంక్రీట్‌ని పైనుంచే కాకుండా అన్ని పక్కల నుంచీ బిగించి నొక్కితే అది చాలా ఎక్కువ మోస్తుంది. మామూలు స్థాయి పక్క ఒత్తిడిలో, ఆ ఒత్తిడికి సుమారు నాలుగు రెట్లు బలం కలుస్తుందని 1928 నాటి రిచర్ట్ బృందం పరీక్షల నుంచీ తెలుసు. పొడి కాంక్రీట్‌లో ఒత్తిడి ఇంకా పెంచితే రంధ్రాలు నలిగి మూసుకుపోతాయి, గింజలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, బలం పెరుగుతూనే పోతుంది. ఇప్పుడు రంధ్రాల నిండా నీళ్లున్నాయనుకోండి. నిండా నీళ్లు పోసి మూత బిగించిన సీసా నొక్కితే నలగదు కదా, అలాగే తడి కాంక్రీట్ కూడా అంతగా కుంచించుకోదు. చూడ్డానికి ఇది మంచిదనిపిస్తుంది, నేనూ అలాగే అనుకున్నాను. కానీ నలగడం వేరు, జారడం వేరు. బయటి ఒత్తిడిలో పెద్ద వాటా నీరే మోసేస్తుంది కాబట్టి గింజల మధ్య బిగుతు పెరగదు, బిగుతు లేకపోతే అవి జారిపోతాయి. నేల గురించి ఇంజనీర్ టెర్జాగీ చెప్పిన ఎఫెక్టివ్ స్ట్రెస్ సూత్రమే ఇది, అంటే మొత్తం ఒత్తిడిలోంచి నీరు మోసేది తీసేస్తే మిగిలేదే గింజలను బిగిస్తుంది. అందుకే పక్క ఒత్తిడి ఎంత పెంచినా తడి కాంక్రీట్ బలం ఒక చోటికొచ్చి దాదాపు ఆగిపోతుంది.

ఇంకో విచిత్రం, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో వందల మెగాపాస్కల్ (ఒక్కోటి గాలి ఒత్తిడికి సుమారు పది రెట్లు) పక్క ఒత్తిడితో చేసిన పరీక్షల్లో వాటర్-సిమెంట్ రేషియో తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. అంత ఒత్తిడికి సిమెంట్ పేస్ట్ పొడై కాంక్రీట్ ఓ గింజల కుప్పలా ప్రవర్తిస్తుంది, అక్కడ దాన్ని శాసించేది లోపల ఎంత తడి ఉందన్నదే.

వేగం కూడా చూసుకోవాలి. దెబ్బ తగిలినట్టు క్షణంలో లోడ్ పడితే, తడి కాంక్రీట్‌లో బలం పెరుగుదల పొడిదానికన్నా ఎక్కువ. తడి గాజుపలకలు రెండు అతుక్కుంటే గబుక్కున విడదీయలేం కదా, రంధ్రాల్లోని పల్చటి నీటిపొర కూడా పగులు తెరుచుకోకుండా అలాగే పట్టి ఉంచుతుంది. నెమ్మదిగా నొక్కే మీ ప్రెస్‌లో ఆ లాభం కనబడదు.

మీ విషయానికొస్తే, రిపోర్ట్‌లో తడి క్యూబ్‌ల అంకే రాయండి, ఆరినవాటిని విడిగా, ఎన్ని రోజులు ఆరాయో పక్కనే రాసి పెట్టండి, రెండింటికీ కలిపి సగటు మాత్రం తీయొద్దు.