ఏడేళ్లు కర్ణాటక గాత్రం నేర్చిన అమ్మాయి బ్లూస్ పాడతానంటే...

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ఏడాదిగా అమెరికా నల్లజాతి గాయని నీనా సిమోన్ పాటలు తెగ వింటూ జాజ్, బ్లూస్ గాయని అవుతానంటోంది. పాత సంగీతం ఇక అక్కర్లేదట, గురువుగారి దగ్గరికి వెళ్లడం మానేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు గురువుగారి దగ్గర పాఠం ఆగకుండా చూడండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. మీ అమ్మాయి ఎవరిని చూసి ఇటు మళ్లిందో ఆవిడ కథ ఒక్కసారి పూర్తిగా వింటే, తనే మానేయనంటుంది.

నీనా సిమోన్ అసలు పేరు యూనిస్ వేమన్. 1933లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లి మెథడిస్టు అనే క్రైస్తవ శాఖలో బోధకురాలు. పసితనంలోనే చర్చిలో పియానో వాయించేవారు. ఊళ్లోనే ఉన్న మ్యూరియల్ మజనోవిచ్ అనే టీచరు ఆవిడకు జర్మన్ శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతం నేర్పారు. అప్పట్లో గాయని కావాలన్న ఆలోచనే లేదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో విద్వాంసురాలు కావాలన్నదే పట్టుదల. పన్నెండేళ్ల వయసులో కచేరీకి కూర్చుంటే, తెల్లవాళ్ల కోసం తన అమ్మానాన్నల్ని ముందు వరస నుంచి వెనక్కి పంపారు. వాళ్లని మళ్లీ ముందు కూర్చోబెట్టేదాకా వాయించనని ఆ పిల్ల మొండికేసింది.

ఊరివాళ్లు చందాలు వేసి చదివించారు. 1950లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో కొన్నాళ్లు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ సీటివ్వలేదు. తాను నల్లజాతి అమ్మాయిని కాబట్టే కాదన్నారని ఆవిడ కడదాకా నమ్మారు. అదే సంస్థ 2003లో గౌరవ పట్టా ఇచ్చింది. ఆ తర్వాత రెండు రోజులకే ఆవిడ కన్నుమూశారు.

పాట ఆవిడ దగ్గరికి వచ్చింది ఇంటి ఖర్చుల దారిలో. 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో పియానో పనికి కుదిరితే, పాడితేనే ఉద్యోగం అన్నాడు యజమాని. బార్‌లో పాడుతున్నట్టు తల్లికి తెలియకూడదని పేరు మార్చుకున్నారు. నీనా సిమోన్ అలా పుట్టింది. పాడటం మొదలుపెట్టాక బాఖ్‌ని వదిలేశారా అంటే, లేదు. తొలి ఆల్బమ్‌లో ఒక జాజ్ పాట మధ్య పియానో వినమనండి. కుడి చెయ్యి ఒక వరస, ఎడమ చెయ్యి ఇంకో వరస పట్టుకుని ఒకదాన్నొకటి తరుముతుంటాయి. అది ట్రయాన్‌లో నేర్చిన పాఠమే.

ఆవిడ పాటలో చర్చి ఉంది, బాఖ్ ఉన్నాడు, బ్లూస్ ఉంది. 1959లో ఆవిడకు పేరు తెచ్చిన మొదటి పాట అంతకుముందు జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడినదే. బిల్లీ హాలిడే ఏమో బెస్సీ స్మిత్ గొంతును, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌ను విని పెరిగారు. బెస్సీ స్మిత్ 1894లో అమెరికాలోని చట్టనూగాలో పుట్టి, 1923 నుంచి రికార్డులిచ్చిన బ్లూస్ గాయని. మీ అమ్మాయిని ఇలా ఒక్కొక్కరినే వెనక్కి వింటూ వెళ్లమనండి. నెలంతా ఒకే గాయని, ఒకే పాట పట్టుకుని, ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో, తాళానికి ఎంత ఆలస్యంగా మాట వేస్తోందో కాగితం మీద రాసుకోమనండి. యాభై పాటలు పైపైన పాడటం కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది.

ఈ సంగీతం వెనక బానిసత్వం, దాని తర్వాతి వివక్ష అనుభవించిన ప్రజల చరిత్ర ఉంది. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయాక నీనా పౌరహక్కుల పాటలు రాశారు, అందుకు రేడియోల్లో చోటు పోగొట్టుకున్నారు. అదీ చదవాలి. చదవకపోతే పాట వట్టి అనుకరణ అవుతుంది.

మీ అమ్మాయి ఏడేళ్ల సాధన ఇక్కడ ఎలా పనికొస్తుందో కూడా చెబుతాను. మామూలు బ్లూస్ పాటలో ఒక్కో చరణం పన్నెండు బార్లు (అంటే తాళంలో సమాన భాగాలు), బార్‌కి నాలుగు దెబ్బలు, మొత్తం 48. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలు. సాహిత్యంలో మొదటి పాదం రెండుసార్లు వస్తుంది, మూడోది దానికి జవాబు. గాంధారాన్ని (గ), నిషాదాన్ని (ని) కాస్త దించి, వంచి పాడటం గమకం తెలిసిన గొంతుకు కష్టం కాదు. కష్టమల్లా రెండు చోట్ల. ఒకటి, ఊపు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద పడుతుంది. రెండోది, ఖాళీ కనబడగానే సంగతులు (పాదాన్ని మార్చి మార్చి పాడే మెలికలు) వేయాలన్న అలవాటు. అక్కడ ఊరుకోవడం నేర్చుకోవాలి. దీనికి తోడు పియానో గానీ కీబోర్డు గానీ ఇప్పుడే మొదలుపెట్టించండి. కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) చేతికి రాకపోతే జాజ్ చెవికి పట్టదు.

వాళ్ల నాన్నగారి భయం నిజమైనదే. మన దేశంలో కేవలం జాజ్ పాడి బతికేవాళ్లు చాలా కొద్దిమంది. మిగతావాళ్లు పాఠాలు చెబుతారు, స్టూడియోల్లో కోరస్ పాడతారు, హోటళ్లలో, ఈవెంట్లలో పాడతారు. అందుకని డిగ్రీ ఉండాలి. కానీ ఇష్టం లేని ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు పెట్టించడం నాకు సమ్మతం కాదు. సాధనకు రోజూ రెండు మూడు గంటలు మిగిలే బీఏ, బీకాం లాంటిది చాలు. చెన్నైలో చదివించగలిగితే అక్కడ 2008లో ఏఆర్ రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ఇంట్లోనే ఉంటే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలు రాయించండి. ఎనిమిది గ్రేడ్లు ఉంటాయి. అమెరికాలో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల పేరు తను ఇప్పటికే ఎత్తి ఉంటుంది. ఫీజే ఏటా 40 వేల డాలర్లు దాటుతుంది. స్కాలర్‌షిప్ చేతికి రాకుండా ఇల్లు తాకట్టు పెట్టి పంపవద్దు.

ఇంకొకటి, ఇది అమ్మాయికి మీరే చెప్పాలి. నీనా తన తొలి ఆల్బమ్ హక్కులన్నీ 3,000 డాలర్లకే రాసిచ్చేశారు. అందులోని ఒక పాట 1987లో పెర్ఫ్యూమ్ ప్రకటనలో వాడాక బ్రిటన్‌లో మోగిపోయింది. అప్పటికి రాయల్టీ ఆవిడది కాదు. మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ తర్వాత గాయకులకూ రాయల్టీ హక్కు ఉంది. కాబట్టి రేపు ఎంత చిన్న రికార్డింగ్ వచ్చినా, ఒప్పంద పత్రాన్ని లాయరుకు చూపించాకే సంతకం పెట్టించండి.