కొత్త టీచరమ్మకు: మార్కులకన్నా ముందు ఇల్లు చూడు

చిత్తూరు

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కుప్పం దగ్గర బడిలో చేరావని తెలిసి చాలా సంతోషమైంది. మొదటి నెలలోనే ఎవరినీ మొద్దు అనుకోవద్దు. పిల్లల చదువుల్లో తేడాలకు బడి వసతులకన్నా ఇంటి పరిస్థితులే పెద్ద కారణమని 1966లో అమెరికాలో కోల్మన్ నివేదిక తేల్చింది. అది చూపించి చేతులెత్తేసేవాళ్లున్నారు. కానీ ఇంట్లో ఆసరా తక్కువున్న పిల్లలకే మంచి టీచరు వల్ల ఎక్కువ మేలని కూడా అందులోనే ఉంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ మాట.

ఒక నోటుబుక్కులో బిడ్డకో పేజీ పెట్టు. పొద్దున ఆవుల పని ఎంతసేపు, రాత్రి తోడెవరు, ఇంట్లో ఏ భాష, అన్నీ రాసుకో. "తిన్నావా?" అంటే తినకున్నా తిన్నాననే అంటారు. "ఏం తిన్నావు?" అని అడుగు. అమ్మానాన్నలు బెంగళూరు పనికిపోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలు ఒక్కరోజు రాకపోయినా ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి. భాగహారం చెప్పిన రోజుల్లో మానేసినవాడికి తర్వాత భిన్నాలూ ఎక్కవు.

భాష సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు గుడిని "కుడి" అనీ, బడిని "పడి" అనీ రాస్తుంటారు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ప, బలకూ అంతే. చెవికి తేడా అందక జరిగే తప్పది, తెలివితక్కువతనం కాదమ్మా. ఎర్రసిరాతో కొట్టెయ్యకు. రోజుకు ఐదు జంటలు పలికించు: కాలి-గాలి, పాట-బాట, తాత-దాత, ఇలాంటివి. వేళ్లు గొంతు మీద పెట్టుకోమను. గ, బ, ద అనేటప్పుడు గొంతు ముందే అదురుతుంది. అది పట్టుబడ్డాకే డిక్టేషన్.

చదువురాని తల్లితో "ఇంట్లో చదివించమ్మా" అంటే ఆమె ఏం చేస్తుంది? చెయ్యగలిగిన పని చెప్పు. రాత్రి పదిహేను నిమిషాలు బిడ్డ పైకి చదవాలి, ఆమె వంట చేసుకుంటూ వినాలి. తడబడిన మాట కింద బిడ్డే పెన్సిల్‌తో చుక్క పెట్టుకోవాలి. పొద్దున ఆ చుక్కలు నువ్వు చూడు. పేజీకి ఐదారు దాటితే కింది తరగతి పుస్తకం ఇవ్వు. ఎన్నాళ్లయినా ఒక్క చుక్కా లేకుంటే పుస్తకం తెరవలేదేమో కనుక్కో.

ఇళ్లకు పోయేది సాయంత్రం వాళ్లు డెయిరీలో పాలు పోసి వచ్చాక. మొదటిసారి మంచిమాటే చెప్పు. ఇరుగుపొరుగు ముందర మార్కులెత్తితే ఆ రాత్రి దెబ్బలు తినేది బిడ్డే.

రోజూ వాలిపోతుండే బిడ్డకు కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే రక్తం తక్కువేమో, పీహెచ్‌సీకి పంపించు. ఐరన్ మాత్ర భోజనమయ్యాకే మింగించు. ఖాళీ కడుపున వేస్తే వికారం పుట్టి ఇంకోసారి నోట పెట్టరు.

దసరా సెలవుల్లోపు ఆ పేజీలన్నీ నింపు. ఏ బిడ్డ దగ్గరైనా దారి తోచకపోతే ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు.

ఇట్లు,
పెదనాన్న