ఎలుగుబంటికీ నాచు మొక్కకీ పోలికలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, కానీ కణం దాకా వెళ్తేనే కనిపిస్తాయి. నల్లమలలో తిరిగే ఎలుగుబంటినీ, ఇంటర్ బోటనీలో చదివే ఫ్యునేరియా నాచునీ తీసుకుందాం. రెండింటి కణాల్లోనూ కేంద్రకం, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉంటాయి. నాచుకి అదనంగా హరితరేణువులున్నాయి కాబట్టి ఎండతో తన తిండి తనే తయారుచేసుకుంటుంది. ఎలుగు మాత్రం చెదపుట్టలు తవ్వుకోవాలి. దానికి పైదవడ ముందుపళ్లలో మధ్యవి రెండూ ఉండవు, ఆ సందులోంచి చెదల్ని జుర్రేస్తుంది.

నన్నడిగితే అసలు తేడా క్రోమోజోముల దగ్గరుంది. ఎలుగు ఒంట్లోని కణాల్లో తల్లిదో సెట్టు, తండ్రిదో సెట్టు. తడి నేల మీద పచ్చగా కనిపించే నాచు మొక్కకి ఒక్క సెట్టే. రెండు సెట్లున్న దశ ఫలదీకరణ తర్వాత ఆ మొక్క నెత్తినే సన్నటి కాడగా, కొసన గుళికతో పెరుగుతుంది. ఆ గుళికలోంచి సిద్ధబీజాలు (కొత్త నాచుగా మొలిచే సన్నటి కణాలు, స్పోర్లు) రాలతాయి. గాలిలో తేమ మారితే ఆ కాడ మెలి తిరుగుతుంది, లెన్సుతో చూస్తే భలే ఉంటుంది.

ఇంకో పోలిక చాలామందికి తట్టదు: రెండింటి శుక్రకణాలూ ఈదేవే. నాచుకి అందుకు వాన నీళ్లో మంచు తడో దొరకాలి, ఎలుగుకి ఆ తడి ఒంట్లోనే ఉంటుంది.