ఎలుక నాలుక కోసే ముందు

అమ్మలూ,

మెథోట్రెక్సేట్ ఇచ్చిన ఎలుకల నాలుకలో ఏం మారుతుందో చూడటమే నీ థీసిస్ అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లే లాబొరేటరీస్‌లో చేసిన పనిలోంచి వచ్చిన మందు అది. ఇవాళ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుని, నోరంతా పూసి, మంచినీళ్లు కూడా మింగలేక వచ్చినవాళ్లని నేను చూశాను, అందుకే ఈ పని గట్టిగా చెయ్యాలని నా ఆరాటం.

ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా ఒక్క ఎలుకనీ ముట్టుకోకు. మందు కలిపేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, సీసాకి వెలుతురు తగలనివ్వకు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది తిండి. మందు పడ్డ ఎలుక తిండి తగ్గించేస్తుంది, తిండి తగ్గితే నాలుక మీది పొర ఎటూ పలచబడొచ్చు, అప్పుడు స్లైడులో నువ్వు చూసేది మందు పనా ఆకలి పనా ఎలా తేలుస్తావు? మూడో గుంపు పెట్టుకో. వాటికి మందు ఉండదు, కానీ మందు ఎలుకలు నిన్న ఎంత తిన్నాయో ఇవాళ వాటికి అంతే తూచి పెట్టాలి. ఎలుకల లెక్క పెరుగుతుందని గైడు అంటే కూర్చుని వివరించు, వదిలెయ్యకు. ఇంకో సంగతి, ఈ మందు ఫోలేట్ అనే బి విటమిన్‌కి అడ్డుపడుతుంది కదా, ఎలుకలేమో తమ పెంటికలు తామే తింటాయి, పేగుల్లో బాక్టీరియా తయారుచేసిన ఫోలేట్ అలా మళ్లీ లోపలికి వెళ్తుంది. అది ఒక గుంపులో ఎక్కువ, ఇంకో గుంపులో తక్కువ కాకుండా అన్ని గుంపులకీ ఒకే రకం బోను, ఒకే మేత ఉండాలి.

మందు నోటిగుండా ఇవ్వకు. నా థీసిస్‌లో గావేజ్ గొట్టంతో, అంటే నోట్లోంచి పొట్టలోకి దించే గొట్టంతో ఇచ్చాను, అది రోజూ నాలుక వెనక భాగాన్ని గీరుకుంటూ వెళ్లింది, చివరికి మందు ఇవ్వని ఎలుకల్లోనూ అక్కడ పొర చెదిరి కనిపించింది. ఆర్నెల్ల పని పోయింది. పొట్టలోకి ఇంజెక్షన్ ఇవ్వు, మిగతా గుంపులకి అదే కొలతలో సెలైన్ ఇవ్వు.

ఇక కోత. నాలుకని అలాగే ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రావణంలో) పడేస్తే వంకర తిరిగిపోతుంది, ముందు థర్మోకోల్ ముక్క మీద పరిచి పిన్నులు గుచ్చు. మనిషికి నాలుక వెనక వరసగా ఉండే పెద్ద బుడిపెలు ఎలుకకి ఒక్కటే, సరిగ్గా నడిమధ్యన, లెన్స్ పెట్టి చూస్తే చిన్న గుండ్రటి గాడిలా కనిపిస్తుంది. దాన్నే గుర్తుగా పెట్టుకుని ప్రతి ఎలుకకీ అంతే దూరంలో కొయ్యి, ఎందుకంటే నాలుక కొసన ఒక మందం, వెనక ఇంకో మందం. ఏటవాలుగా పడ్డ సెక్షన్‌లో (స్లైడు మీది పలచటి కోత ముక్కలో) పలచటి పొర కూడా మందంగా కనిపించి మోసం చేస్తుంది, అలాంటివి కొలవొద్దు. సన్న బుడిపెల ఎత్తు, అడుగు వరసలో విభజన చెందే కణాలు, కింద చేరిన వాపు కణాలు, ఈ మూడూ చూడు. ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకుండా నంబర్ల మీద వేరేవాళ్లతో కాగితం అంటింపించు.

మొదటి నాలుక పరిచే రోజు పొద్దున్నే వీడియో కాల్ చెయ్యి, ఖాళీగానే ఉంటాను.

పెద్దమ్మ